ఇరవై సీసాల పాము మందు

“ఇంకో టీ తాగతారా సార్?” అని మునిచంద్ర అడగడం అది మూడోసారి.

“చాలప్పా. కడుపులో చోటు లేదు. ఫ్రిజ్ తెరువు,” అన్నాడు ముందుగదిలో కూర్చున్న జయరావు.

జయరావు సర్కారు మందుల డిపో అధికారి. ఐరాలలోని ఈ ట్రస్టు ఆస్పత్రికి పాము కాటు మందును రాయితీ ధరకు ఇచ్చేది ఆ డిపోనే. షరతు ఒకటే: ఏ రోజు చూసినా ఫ్రిజ్‌లో ఇరవై సీసాలు ఉండాలి. ఒక్కటి తగ్గినా రాయితీ రద్దు. పూర్తి ధర పెట్టి కొనే తాహతు ట్రస్టుకు లేదు. ఇక పాము కరిచినవాళ్ళు చిత్తూరు దాకా పోవాల్సిందే, దారిలో ప్రాణం నిలబడితే.

ప్రస్తుతం ఆ ఫ్రిజ్‌లో ఒక్క సీసా కూడా లేదు. వేరుశనక్కాయలు పెరికే కాలం కాబట్టి వచ్చిన మందు వచ్చినట్టే అయిపోయింది. మందు కావాలని మూడు నెలల కిందట పెట్టిన ఇండెంటుకు డిపో నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఆ మాట డిపో అధికారిని మొహం మీదే అడిగే ధైర్యం ఫార్మసిస్టు మునిచంద్రకు లేదు. అడిగితే ఫ్రిజ్ ఖాళీ అని తనే ఒప్పుకున్నట్టవుతుంది.

“తాళం చెవి తెస్తాను సార్,” అని చెప్పి బయటికొచ్చి రోడ్డు వైపు చూశాడు. తాళం చెవి అతని జేబులోనే ఉంది. రావాల్సింది బంగారుపాళ్యం బస్సు.

బంగారుపాళ్యంలో ఇలాంటిదే ఇంకో ఆస్పత్రి. అక్కడి ఫార్మసిస్టు స్టెల్లా, మునిచంద్ర తిరుపతిలో కలిసి చదువుకున్నారు. ఆమె తన దగ్గరున్న ఇరవై సీసాలనూ ఐస్ డబ్బాలో సర్ది, బస్సు కండక్టరు చేతికిచ్చి పంపింది. ఆమెకు తనిఖీ రేపు. సాయంత్రానికి డబ్బా వెనక్కి చేరాలని మరీ మరీ చెప్పింది.

బస్సు వచ్చింది. మునిచంద్ర డబ్బా అందుకుని దొడ్డిదారిన మందుల గదిలోకి పరుగెత్తాడు. సీసాలన్నీ ఫ్రిజ్‌లోకి సర్దేశాడు.

జయరావు ఒక్కో సీసానూ తిప్పి చూశాడు. బ్యాచ్ నంబరు చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. మనిషి ఎంత నింపాదిగా ఉన్నాడంటే మునిచంద్రకు ఒళ్ళు మండింది.

“ఇరవై. సరిపోయినాయి,” అని సంతకం పెట్టాడు. “రేపటిదాకా ఎందుకులే, బంగారుపాళ్యం కూడా ఈ పొద్దే చూసేస్తా. కాణిపాకంలో దర్శనం చేసుకోని మూడింటికంతా ఆడుంటాను.”

జీపు కదిలీ కదలకముందే మునిచంద్ర సీసాలు మళ్ళీ డబ్బాలో పెట్టడం మొదలుపెట్టాడు. సగం పెట్టాడో లేదో, గేటులోకి ఆటో దూసుకొచ్చింది. కుప్పయ్య అనే కూలీ తన భార్య గురవమ్మను రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. చేనులో కాయలు పెరుకుతుంటే పాము పాదం మీద కరిచిందట. ఆమె కనురెప్పలు వాలిపోతున్నాయి.

“పది సీసాలు. వెంటనే ఎక్కించాలి,” అంది డాక్టరు మహిత.

పది వాడితే స్టెల్లా ఫ్రిజ్‌లో పదే ఉంటాయి. ఆమె ఆస్పత్రికి రాయితీ పోతుంది, ఆమె ఉద్యోగమూ పోతుంది. మునిచంద్ర ఒక చేత్తో సీసాలు అందిస్తూనే ఫోన్ చేశాడు.

విషయం వినగానే స్టెల్లా అనింది, “దాన్ని కూడా అడగతారా అన్నా? ఎక్కించండి.”

మధ్యాహ్నం రెండు గంటలకు గురవమ్మ కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. కుప్పయ్య గోడకానుకుని భోరుమన్నాడు. ఇంకా మందు అవసరం పడదని డాక్టరు చెప్పాక, మిగిలిన పదితో మునిచంద్ర బండెక్కాడు. సంతోషించడానికి కూడా తీరిక లేకపోయింది.

బంగారుపాళ్యం చేరేసరికి జీపు అక్కడే ఉంది. దొడ్డివైపు నుంచి పోయి, స్టెల్లా చేతికి డబ్బా ఇస్తుండగానే జయరావు గదిలోకొచ్చాడు.

“ఐరాలలో ఉండాల్సినోడివి. నీకు ఈడేం పని?”

జయరావు డబ్బా మూత తీసి లెక్కపెట్టాడు. తన పుస్తకం తెరిచి బ్యాచ్ నంబర్లు పోల్చుకున్నాడు. పొద్దున రాసుకున్నవే.

“తప్పు నాదే సార్. స్టెల్లా నా కోసరం ఇచ్చింది. ఒగామెను పాము కరిస్తే పది ఎక్కించినాం.”

“బతికిందా?”

“బతికింది సార్.”

జయరావు రిజిస్టరు ముందుకు లాక్కుని, ఇరవై అని రాసి సంతకం పెట్టాడు. వెంట వచ్చిన జీపు డ్రైవరును బయటికి పొమ్మని తనే తలుపు మూసి గడియ పెట్టాడు.

ఇప్పుడేం అడగబోతాడో ఇద్దరికీ అర్థమైంది. స్టెల్లాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

“మీకు ఇచ్చుకునేదానికి మాకాడ ఏమీ లేదు సార్,” అనేసింది.

“ఉండాదిమ్మా,” అన్నాడు జయరావు. నుదుటి చెమట తుడుచుకున్నాడు, గొంతు తగ్గించాడు.

“ఎల్లుండి మా డిపోకు తనిఖీ ఉండాది, ఆ పదీ ఒక్కరోజు అరువియ్యండి.”