మూతలతో సహా

“నా డబ్బా కడిగి పెట్టావా? సాయంత్రం వస్తున్నా,” అంది అక్క ఫోన్లో.

చెల్లెలికి ఒళ్ళు మండింది. ఐస్‌క్రీమ్ అయిపోగా మిగిలిన ప్లాస్టిక్ డబ్బా అది. అందులో ఇంత కూర పెట్టి పంపడం, మర్నాటికల్లా నా డబ్బా ఏదీ అంటూ రెండు బస్సులు మారి రావడం అక్కకి అలవాటు. వచ్చిందంటే ఓ పట్టాన కదలదు. చెల్లెలికేమో ఊపిరాడని పని. వీధిలో చెత్త తగ్గించే సంఘానికి ఆవిడే కార్యదర్శి. అక్క ఎదురుగా కూర్చుని కబుర్లు చెబుతుంటే ఫోన్ చూసుకుంటూ ఊ కొట్టేది.

“మీ డబ్బాలక్క వస్తోందా?” మొగుడు నవ్వాడు. “వాడిందే మళ్ళీ వాడమని ఊరందరికీ చెబుతావుగా. వింటున్నది మీ అక్కొక్కతే.”

ఆ మాట చురుక్కుమంది. ఆ వారమే ఇంట్లో ప్లాస్టిక్ ఉండకూడదని తీర్మానించి, అక్క డబ్బాలన్నీ వెతికి, గుడ్డసంచిలో మూటకట్టి, అటువైపు వెళ్ళేవాళ్ళ చేత పంపేసింది.

“ఇక డబ్బా కోసం ఇంత దూరం పడి రానక్కర్లేదక్కా,” అంది ఫోన్ చేసి.

“అన్నీ పంపేశావా? ఒక్కటైనా ఉండిపోలేదూ?”

“మూతలతో సహా పంపాను. కావాలంటే సరిచూసుకో.”

“సర్లేవే,” అంది అక్క.

ఆ తర్వాత అక్క రాలేదు. కూరా రాలేదు. డబ్బాలు చేతికందాయిగా, ఇక మనతో పనేముంది అనుకుంది చెల్లెలు. ఓసారి వెళ్ళి చూసి రావాలని అనిపించేది గానీ తీరిక చిక్కేది కాదు. అది చిక్కేలోగా అక్క నిద్రలోనే పోయింది.

ఇప్పుడు అక్క వంటగది సర్దడానికి కావలసినంత తీరిక ఉంది. అల్మారా తలుపు తీస్తే అరల నిండా స్టీలు డబ్బాలు. కొన్నిటికి కొన్నప్పుడు అంటించిన కాగితం కూడా ఊడలేదు. వాటి పక్కనే తను పంపిన గుడ్డసంచి, ముడి విప్పకుండా అలాగే ఉంది. చెల్లెలికి ఏడుపు ఆగలేదు.

“ఇన్ని ఉండగా ఆ పాత డబ్బాల కోసం ఎందుకంత తాపత్రయపడేది బావగారూ?”

“నేనూ అనేవాణ్ణమ్మా, వాటిని నీ దగ్గరే వదిలెయ్యమని. వినేది కాదు.”

“ఏమనేది?”

“‘ఆ వంకైనా లేకపోతే ఏమని వెళ్ళనండీ?’ అనేది.”