మూడుకి ఒకటి

"పీకెయ్!" అన్నాడు యుగంధర్, మొక్కజొన్న చాళ్ళ మధ్య పాకుతున్న బొబ్బర్ల తీగల్ని చూపిస్తూ. "ఏటే ఇది? పొలమా, జంగిలా?"

"పీకను మావయ్యా," అంది మేఘన, గట్టు మీద బాసింపట్టు వేసుక్కూర్చుని.

దుర్గ్ అవతల అమ్మమ్మ సింహాచలమ్మకున్న ఎకరం జారుడుబల్లంత ఏటవాలు. కాలు విరిగిన చెల్లెల్ని చూసుకోడానికి రాజాం వెళ్తూ, ఆవిడ సగం కొడుక్కీ సగం మనవరాలికీ అప్పజెప్పింది. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపే యుగంధర్ గడ్డిపోచ కనిపించినా ఛార్జిషీటు ఇచ్చే రకం. తన సగంలో చాళ్ళ మధ్య నేలని ఎంత నున్నగా ఉంచాడంటే, అందులో చూసి గడ్డం గీసుకోవచ్చు.

"రెండు పంటలూ తిండికి కొట్టుకు చస్తాయి. దసరాకి నీ సగం పండకపోతే, అమ్మని ఒప్పించి ఎకరం మొత్తం ఇటుక బట్టీ వాడికి ఇచ్చేస్తాను. మట్టి తవ్వుకుపోతాడు."

"పండితే?"

"నువ్వే ఏలుకో."

"పక్కా?"

"పక్కా! అసలీ తెలివి నీకెవరిచ్చారే?"

మేఘన జేబులోంచి చీటీ తీసింది. అమ్మమ్మ వెళ్ళేముందు బొబ్బర్ల డబ్బాకి అంటించిన చీటీ. దానికి మేఘన పవర్ హౌస్ బజార్లో లామినేషన్ కూడా చేయించింది. హిందీ బడి చదువు కాబట్టి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివింది: "మొక్కజొన్నలో బొబ్బర్లు కలుపు. మూడుకి ఒకటి. కలపకపోతే జారిపోద్ది. కలిపితే గట్టిగా పట్టుకుంటాది."

"మూడు చాళ్ళకి ఒకటి. సుప్రీంకోర్టు ఆర్డర్, మావయ్యా!"

యుగంధర్ నమ్మలేదు. ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టాడు.

"అమ్మమ్మా! చీటీలో రాసినట్టే బొబ్బర్లు కలిపాను. మావయ్య వద్దంటున్నాడు!" అని అరిచింది మేఘన. అమ్మమ్మ చెవికి సగం మాటలే చేరతాయి.

"ఆడికేటి తెలుసు? రాసినట్టే సెయ్యి గుంటా! నీళ్ళు మట్టుకు ఎక్కువ కాకుండా సూసుకో!"

యుగంధర్ ఫోన్ జేబులో పడేసి, తన సగంలో గడ్డి పీకడానికి వెళ్ళిపోయాడు.

నీళ్ళ సంగతి ఆకాశానికి ఎవరూ చెప్పలేదు. శ్రావణంలో మూడు రోజులు కుళాయి తిప్పి మర్చిపోయింది. నాలుగో రోజుకి యుగంధర్ నున్నటి మట్టి సెలవు చీటీ కూడా పెట్టకుండా శివనాథ్ నదికి బదిలీ అయిపోయింది. వేళ్ళు బయటపడ్డ మొక్కలు నైట్‌షిఫ్ట్ దిగినట్టు పక్కకి వాలిపోయాయి. మేఘన సగంలో వాన దెబ్బని బొబ్బరాకులు కాచుకున్నాయి. కింద మట్టి పిడికెడు కూడా కదల్లేదు.

దసరాకి మేఘన కండెలు మోచేయంత. పైగా రెండు బస్తాల బొబ్బర్లు. యుగంధర్ కండెల్లో గింజలు అక్కడొకటి, ఇక్కడొకటి.

"అరే మావయ్యా, జంగిల్ ఎలా ఉంది?"

"బట్టీ వాడికి రావద్దని చెప్పేశాలే," అని గొణిగాడు యుగంధర్.

మర్నాడు దుర్గ్ స్టేషన్లో దిగిన సింహాచలమ్మని తిన్నగా పొలానికే తీసుకెళ్ళారు. గట్టు మీద కర్రకి జెండాలా కట్టి ఉంది చీటీ.

"నీ చీటీకి దండం అమ్మా. ఎకరాన్ని నిలబెట్టింది," అన్నాడు యుగంధర్.

సింహాచలమ్మ కళ్ళజోడు పెట్టుకుని చీటీ చదివింది. చాళ్ళకేసి చూసింది. మళ్ళీ చదివింది.

"ఓసి గుంటా, ఇది గారెల పిండికి రాసినాను కదే!"