గార వేసిన పన్ను

తేనె దొరికితే ఆకలీ వేళా చూసుకోని ఎలుగుబంటి ఒకటుండేది. దాని నోట్లో పాచిపురుగులు కాపురం పెట్టి, పళ్ళ మొదళ్ళకు గార కట్టాయి. "గార వేస్తే గోడ గట్టిపడదా మామా? నీ పళ్ళూ అంతే!" అన్నాయి. ఎలుగు మురిసిపోయింది.

కొన్నాళ్ళకు చిగుళ్ళు వాచి నెత్తురు కారింది. ఉమ్మిలో పుట్టి నోటికి కాపలా కాసే కావలిచుక్క ఊరుకోలేదు. తనవాళ్ళందరినీ వెంటేసుకుని వెళ్ళి పురుగుల మీద పడింది.

"నొప్పున్న చోటల్లా మీ గుంపే కనిపిస్తోంది. ఈ రోగం మీరు తెచ్చిందే!" అంది ఎలుగు చుక్కతో.

చుక్కకు ఒళ్ళు మండింది. "కొంప అంటుకున్న చోట నీళ్ళబిందెలు కనిపిస్తాయి. నిప్పు పెట్టింది బిందెలేనా?"

"నా నోట్లో ఉంటూ నాకే ఎదురు చెప్తావా? ఉమ్మేస్తా!"

"ఉమ్ముకో. ఉమ్మినకొద్దీ ఊరుతా."

ఎలుగు కాండ్రించి ఉమ్మింది. ఉమ్మితోపాటు ముందుపన్ను ఊడి నేలమీద పడింది. దాని మీది గార మాత్రం చెక్కు చెదరలేదు.

పన్ను ఊడిన సందులో చుక్క మళ్ళీ ఊరింది.

"ఇప్పుడు చెప్పు మామా. వేపపుల్ల అందుకుంటావా, ఇంకోసారి ఉమ్ముతావా?"