పట్టీ స్పూను

"ఒక్క ముద్ద పెట్టవే," అన్నాడు బుల్లిరాజు.

"పెట్టను," అంది వీరవేణి.

కంచంలో పప్పన్నం చల్లారిపోతోంది. మండపేట రైసుమిల్లులో బెల్టులో పడి బుల్లిరాజు కుడిచేతి వేళ్లు నాలుగూ పోయి మూడు నెలలైంది. ఎడం చేత్తో తినడమంటే అతనికి రోత. చస్తే తినడు. అందుకే ఆసుపత్రిలో థెరపీ మేడమ్ ఒక సంచీ ఇచ్చింది. అరచేతికి పట్టీతో బిగించుకునే స్పూను, లావు పిడి దువ్వెన, చొక్కా గుండీలను కాజాల్లోంచి లాగే చిన్న కొక్కెం. అన్నీ మంచివే. కాకపోతే నేర్పేవాళ్లకి కాస్త ఓపికుండాలి.

ఆ ఓపిక కట్టుకున్న పెళ్లానికి అసలే లేదు.

స్పూను వంకర తిరిగి పప్పంతా లుంగీ మీద పడింది. వీరవేణి కదల్లేదు.

"మళ్లీ తియ్యి."

"ఆకలేస్తందే."

"అయితే తిను. నేను పెడితే నువ్వు నేర్చుకోవు మావా."

గుమ్మంలో నిలబడి చూస్తున్న పక్కింటి తలుపులమ్మకు ఒళ్లు మండిపోయింది.

"ఏంటమ్మా ఆ మొండితనం? నువ్వసలు మనిషివేనా?"

"నా మొగుడు, నా ఇష్టమండి."

సాయంత్రానికల్లా ఆ మాట వీధంతా పాకింది. ఈమధ్య వీరవేణి కొత్త చీర కట్టుకుని రెండుసార్లు రాజమండ్రి బస్సెక్కిందని ఒకరన్నారు. పెరట్లోకి పోయి ఎవరో మగాడితో ఫోన్లో గుసగుసలాడుతోందని ఇంకొకరన్నారు. చెయ్యి పోయిన మొగుడు చేదైపోయాడని అందరూ కలిసి తేల్చేశారు. తేల్చడానికి మన వీధులకు ఎంతసేపు!

మర్నాడు మరీ ఘోరం. పొద్దున్న ఐదింటికే లేపింది. స్నానం అతనే చెయ్యాలి. తల అతనే దువ్వుకోవాలి. గుండీలన్నీ పెట్టుకునేదాకా టీ ఇవ్వనంది. నాలుగో గుండీ దగ్గర కొక్కెం జారింది. బుల్లిరాజు దాన్ని పీకి గోడకేసి కొట్టాడు.

"నా వల్ల కాదే! చెయ్యి లేనోణ్ణి, నా మీద ఇంత కక్షేంటే నీకు?"

వీరవేణి కొక్కెం ఏరుకొచ్చి అతని పట్టీలో మళ్లీ దూర్చింది. ఐదో గుండీ కూడా పెట్టించింది.

శనివారం మధ్యాహ్నం బుల్లిరాజు కంచం మొత్తం ఖాళీ చేశాడు. ఒక్క మెతుకు కింద పడలేదు. తలెత్తి ఆమె వైపు చూశాడు.

"ఇయ్యాలైనా పెట్టవే. ఒక్కటే ముద్ద, నీ చేత్తో."

ఆమె కంచం తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది. కుళాయి తిప్పి ఆ ఒక్క కంచాన్నే చాలాసేపు తోమింది.

సోమవారం వీరవేణి, రాజమండ్రి ఏజెంటు ఇప్పించిన వీసా మీద, మస్కట్‌లో పనిలో చేరింది, పక్షవాతంతో మంచాన పడిన ఒక ముసలామెకు మూడు పూటలా అన్నం కలిపి, ముద్దలు చేసి, నోట్లో పెట్టే పనిలో.