లిఫ్టెక్కి వచ్చిన నిద్ర

“ఇంకొక్కసారి పాడు భాగ్యమ్మా, ఫ్యాను ఆపేస్తాను,” అంటూ దివ్య ఫోను ఆమె నోటి దగ్గర పెట్టింది.

భాగ్యమ్మకు సిగ్గేసింది. పాడడం ఆమెకు కొత్త కాదు. చిన్ను పుట్టి ఆస్పత్రి నుంచి ఈ ఇంటికి వచ్చిన నాటి నుంచీ వాణ్ణి నిద్రపుచ్చుతున్నది ఆమే. వాడిప్పుడు ఒకటో తరగతి. పాట కూడా తను కట్టుకున్నదే. కానీ ఫోనుకు పాడడం ఏమిటి?

“క్యాంపులో పిల్లల్ని చూసుకునే టీచరుకు పంపాలి. వాడు పడుకోకపోతే వినిపిస్తారు,” అంది దివ్య.

మర్నాడు చిన్ను బడి పిల్లలతో వికారాబాద్ అడవి దగ్గర క్యాంపుకు పోతున్నాడు. రెండు రాత్రులు టెంటులో పడుకోవాలి. ఇల్లు విడిచి ఎక్కడా నిద్రపోని పిల్లవాడు. దివ్యకు పొద్దున్నుంచి అన్నం సయించలేదు. కిరణ్ ఆఫీసు పని పక్కన పెట్టి, కొడుకు టార్చిలైటు వెలుగుతుందో లేదో మాటిమాటికీ నొక్కి చూస్తున్నాడు.

భాగ్యమ్మ గొంతు సవరించుకుంది.

“లిఫ్టెక్కి నిద్రొచ్చె, మా చిన్ను ఇంటికొచ్చె,
చెప్పులిడిసి లోనికొచ్చె, రెప్ప మీద కూసుండె…”

పాట వినపడగానే చిన్ను పక్క గదిలోంచి వచ్చి, ఆమె ఒళ్ళో తల పెట్టి ఆవలించాడు. దివ్య ఫోను ఆపింది.

“ఇటు రా నాన్నా. ఇవాళ అమ్మ దగ్గర పడుకుందువు.”

వాడు కదల్లేదు. దివ్య కాసేపు వాణ్ణే చూసి, ఫోనులో టైపు చేయడం మొదలుపెట్టింది.

“అన్నం సంగతి చెప్పు భాగ్యమ్మా.”

“పెరుగన్నంల దానిమ్మ గింజలెయ్యాలె. పైన కాదు, లోపల దాచిపెట్టాలె. ఎతుక్కుంట తింటడు.”

“ఇంకా?”

“పండుకునేటప్పుడు మన ఎడమ చెయ్యి దొరకాలె. కుడిది ఇస్తె ఒప్పుకోడు. కుక్కర్ కూతకు భయపడ్తడు, కూసే ముందు చెప్తె చెవులు మూసుకుంటడు.” భాగ్యమ్మ నవ్వింది. “అయినా టెంటుల కుక్కర్ ఏడుంటది మేడం?”

“అన్నీ చెప్పు. ఏదీ మర్చిపోకు.”

“జర ఫికర్ తగ్గించుకోండ్రి. మొన్న చిన్నుకు జరమొచ్చినప్పుడు సుత గిట్లనే పరేషానైతిరి.”

“మొన్న రాత్రంతా నీ పేరే కలవరించాడు,” అంది దివ్య తలెత్తకుండా.

కిరణ్ తలుపు దగ్గరకొచ్చి, “అయిందా?” అన్నాడు. రోజూ ఏదో ఒకటి అని భాగ్యమ్మను ఏడిపించే మనిషి, ఆ రోజు ఆమె వైపు చూడనైనా చూడలేదు. కొడుకు దిగులు అనుకుంది ఆమె.

బడి దగ్గర బస్సెక్కమంటే చిన్ను మొండికేశాడు. భాగ్యమ్మ కొంగు రెండు పిడికిళ్ళతో పట్టుకుని, “బాగమ్మ వస్తేనే ఎక్కుతా,” అన్నాడు. కిరణ్ విడిపించబోతే కొరికాడు. మిగతా తల్లిదండ్రులు చూస్తున్నారు.

“నువ్వే చెప్పు భాగ్యమ్మా. నేను చెబితే వినడు,” అంది దివ్య.

భాగ్యమ్మ మోకాళ్ళ మీద కూర్చుంది. “పోయి రా బిడ్డా. నువ్వొచ్చే యాల్లకు మన గేటు కాడ నిల్సుంట. సర్వపిండి జేస్క తెస్త.”

“ఒట్టు?”

“నీ మీద ఒట్టు.”

వాడు ఒక్కో వేలే విప్పి కొంగు వదిలాడు.

తిరిగి వస్తుంటే కారులో దివ్య ఏడ్చింది. ఏడుస్తూ భాగ్యమ్మ చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళలో అదే మొదటిసారి.

“సారీ భాగ్యమ్మా.”

“నాకెందుకు సారీ మేడం? ఎల్లుండి పిలగాడు వస్తడు గద.”

“అప్పటిదాకా నువ్వు రావద్దులే. రెస్టు తీసుకో.”

బోరబండ గదిలో రెస్టు ఎలా తీసుకోవాలో భాగ్యమ్మకు తెలియలేదు. పొద్దున్నే అలవాటు కొద్దీ స్టేషనుకు పోయింది. హైటెక్ సిటీ వైపు రైలు కనపడ్డాక గుర్తొచ్చి వెనక్కు తిరిగింది. ఇక ఉండబట్టలేక దివ్యకు ఫోను చేసింది.

“బాగున్నాడు,” అంది దివ్య. గొంతు తేలికపడి ఉంది. “నీ పాట పెట్టారట. నువ్వు లేకుండానే పడుకున్నాడు భాగ్యమ్మా.”

“సల్లగుండాలె మేడం.”

ఫోను పెట్టేసి భాగ్యమ్మ కళ్ళు తుడుచుకుంది. అడవిలో బిడ్డకు తన గొంతైనా తోడుంది, అంతే చాలనుకుంది.

వాడొచ్చే రోజు, బస్సు రాకముందే సర్వపిండి డబ్బాతో అపార్టుమెంటు గేటు చేరింది. సెక్యూరిటీ చంద్రయ్య ఫోనులోని గేటు యాప్‌లో ఆమె నంబరు కొట్టి చూశాడు. మళ్ళీ కొట్టాడు.

“నీ పేరు చూపిస్తలేదు భాగ్యమ్మా. ఫ్లాటోళ్ళు ఓకే అంటేనే లోపలికి.”

“నెట్టు లేకుంటది అన్నా. ఈడనే కూసుంట. పిలగానికి గేటు కాడ ఉంట అనే చెప్పిన.”

గేటు పక్క బెంచీ మీద ఇంకొక మనిషి ఉంది. ముప్పయ్యేళ్ళుంటాయి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, ఒళ్ళో కొత్త గేటు పాసు. కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. తప్పుపోయినట్టు నాలుక కరుచుకుని, మళ్ళీ మొదలుపెడుతోంది. భాగ్యమ్మకు నవ్వొచ్చింది.

“కొత్తగ జేరినవా చెల్లె?”

“ఇయ్యాల్నే అక్కా. పిలగాన్ని చూసుకునే పని. పాట నేర్చుకోమన్నరు, నాకు నోరే తిరుగుతలేదు. ఇయ్యాల పాడరాకుంటె పని ఉంటదో ఊడుతదో.”

“భయపడకు. పిల్లలు వారం దినాల్ల మాలిమైతరు. పాతోళ్ళను ఎన్నాళ్ళు యాద్ జేస్తరు?” భాగ్యమ్మ పక్కకు జరిగి కూర్చుంది. “ఏదీ, ఇనిపియ్యి. నేను జెప్త.”

ఆమె ఇయర్‌ఫోన్ల వైరు పీకేసింది.

ఫోనులో పాడుతున్నది భాగ్యమ్మే.