చప్పుడు చేసే ఫ్యాన్

"అసలు చప్పుడే రాదండీ," అన్నాడు ఫ్యాన్ల కొట్టాయన, స్విచ్ వేస్తూ. "తిరుగుతోందో లేదో తలెత్తి చూసుకోవాల్సిందే. పెళ్లయ్యాక మా ఇంట్లో నేనూ ఇంతే."

కోడలు నవ్వింది. నవ్వి చాలా కాలమైందేమో, అది నవ్వో దగ్గో ఆమెకే తెలియలేదు.

అత్త నవ్వలేదు. ఫ్యాన్‌కి అవతలగా, వైరు చుట్టలు పేర్చిన చోటికి వెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది.

"అమ్మాయ్, ఏదో ఒకటి మాట్లాడు. గొంతు పెంచకు."

"ఏం మాట్లాడను అత్తయ్యా?"

"వినపడింది. ఇది వద్దు."

కొట్టాయన నోరు తెరిచాడు. "వినపడితే మంచిదే కదా పిన్నిగారూ!"

"ఇంకోటి వెయ్యి నాయనా."

కొడుకు పోయి ఏడాది కావస్తోంది. ఇంట్లో మిగిలింది వీళ్లిద్దరే. ఇల్లంటే ఒకటే పెద్ద గది. కొడుకు పెళ్లప్పుడు మధ్యలో చెక్క అడ్డు కట్టించి దాన్ని రెండు చేశారు. కప్పుకి కొక్కెం ఒక్కటే ఉంది. అందుకని అడ్డుని పైదాకా పోనివ్వకుండా ఆపేసి, దాని నెత్తిమీద ఫ్యాన్ వేలాడదీశారు. గాలి చెరిసగం.

ఆ పాత ఫ్యాన్ పిండిమరలా మోగేది. "మనింట్లో గుట్టు మాట్లాడుకోవాలంటే ఫ్యాన్ వేసుకుంటే చాలు," అని భార్య చెవిలో అనేవాడు కొడుకు. ఈమధ్యే అది కాస్తా పొగ చిమ్మి ఆగిపోయింది.

అది ఆగిన దగ్గర్నుంచీ అత్తకి కంటిమీద కునుకు లేదు. పగలంతా కూర్చున్నచోటే తూలుతోంది. నిన్న పొయ్యి దగ్గర కునికి చెయ్యి కాల్చుకుంది. ఉన్న ఒక్క మనిషీ ఏమైపోతుందోనని కోడలికి దడ పట్టుకుంది. కుట్టుపనికి ఓ పూట సెలవు పెట్టి మరీ తీసుకొచ్చింది. ఎంతైనా సరే, చప్పుడు చెయ్యని ఫ్యాన్ కొనాలి. ఆవిడ హాయిగా నిద్రపోవాలి.

కొట్టాయన గది ఎంత ఉంటుందని అడిగాడు. కప్పు ఎత్తు అడిగాడు. అంత గదికి పొడుగు రెక్కలది ఉండాలన్నాడు. రెక్కలు అడ్డుకి తగలకుండా కడ్డీ పొట్టిది వెయ్యాలన్నాడు. అన్నిటికీ అత్త బుద్ధిగా తలూపింది. స్విచ్ వేసేసరికి మాత్రం మళ్లీ గోడవైపు తిరిగింది.

"మాట్లాడు అమ్మాయ్."

"కాళ్లు లాగుతున్నాయి అత్తయ్యా."

"వినపడింది. వద్దు."

ఇంకోటి వేశాడు.

"ఆకలేస్తోంది."

"అదీ వినపడింది."

కొట్టాయన మొహం తుడుచుకున్నాడు. "ఇన్ని ఫ్యాన్ల కింద నాకు చెమటలు పట్టించింది మీరొక్కరేనండీ."

చివరికి అత్త చూపు మూలన దుమ్ముకొట్టుకుని ఉన్న ఒకదాని మీద ఆగింది.

"అది మీకెందుకండీ? ఎవరో వాపసిచ్చి పోయారు. గట్టిదే, ఊడిపడదు. కానీ మోత! పక్కింటివాళ్లని కూడా నిద్రపోనివ్వదు."

"అదే వెయ్యి."

అది తిరిగింది. కొట్టంతా గడగడలాడింది. కోడలు ఏదో అంది. గోడవైపు తిరిగిన అత్త కదల్లేదు. కోడలు గొంతు కాస్త పెంచి మళ్లీ అంది. అయినా కదల్లేదు.

కాసేపటికి అత్త తనే వెనక్కి తిరిగింది. "ఏమన్నా అన్నావా?"

"రెండుసార్లు అన్నాను."

"ఇదే కట్టి ఇచ్చెయ్యి నాయనా," అంది అత్త. ఆవిడ మొహం తేటపడింది.

దారిలో కోడలు ఉండబట్టలేకపోయింది. "మీ మనసు నాకు తెలుసు. ఆయన ఉన్నప్పటి మోతే ఇంట్లో ఉండాలని మీకు. కానీ ఎంత మోత పెట్టుకున్నా ఆయన రారు అత్తయ్యా."

అత్త అట్టపెట్టెని ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. "నడు. ఎలక్ట్రీషియన్ వచ్చేస్తాడు."

ఎలక్ట్రీషియన్ వచ్చి నిచ్చెన ఎక్కాడు. అతను ఫ్యాన్ బిగిస్తున్నంతసేపూ అత్త కింద కూర్చుని కోడలి దుప్పటి కుట్టింది. దాని కొస ఒకపక్కంతా చిల్లులే.

పైనించి చూసి అతను అడిగాడు. "ఎలుకలున్నాయా పిన్నీ ఇంట్లో?"

"ఉన్నట్టున్నాయి," అంది కోడలు గబుక్కున.

అత్త దారం కొరికింది.

"పోనీలెండి, ఈ మోతకి ఎలుకలు ఊరొదిలి పోతాయి," అని నవ్వి, పనిముట్లు సర్దుకుని అతను వెళ్లిపోయాడు.

పొద్దు వాలింది. ఇద్దరూ ఇంత తిన్నామనిపించారు. అత్త లేచి ఫ్యాన్ పూర్తి స్పీడులో పెట్టింది. గోడలు అదిరేలా మోత మొదలైంది.

"ఇందులో ఎలా పడుకుంటారు?" అని అరిచింది కోడలు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎప్పటిలాగే గిర్రున తల తిప్పేసుకుంది. "మీ నిద్ర కోసమే కదా ఇంత చేసింది!"

అత్త కుట్టిన దుప్పటి మడత పెట్టి కోడలి చేతుల్లో పెట్టింది. ఆమె తల దగ్గరికి తీసుకుని, చెవికి నోరు ఆనించి అంది:

"పాత ఫ్యాన్ ఆగిన దగ్గర్నుంచీ రాత్రంతా దీన్ని నోట్లో కుక్కుకుంటున్నావు, ఇవాళ్టి నుంచి బయటికే ఏడువు తల్లీ, నాకేం వినపడదులే."