తిరిగి వెళ్ళని అడుగులు

వంటింట్లో గ్యాస్ బండ వెనక ఉన్న కన్నంలోంచి మా ఇంట్లోకి ఎలుకలు వస్తాయి. మూడు నెలల తమ్ముడి దగ్గర పాల వాసనకే వస్తున్నాయని నానమ్మ భయం.

"ముందు కన్నం దగ్గర పిండి చల్లరా. అడుగులు బయటికి పోయినట్టు కనిపించాకే మూసెయ్యి" అంది నాన్నతో.

"వాటిని బస్సెక్కించి సాగనంపమంటావా ఏంటమ్మా? పొద్దున్నే నాకు డ్యూటీ ఉంది" అని నాన్న సాయంత్రమే సిమెంటులో గాజుపెంకులు కలిపి కన్నం పూడ్చేశాడు.

నానమ్మ మాటే నిజమనిపించింది గానీ, నాన్నతో అనే ధైర్యం నాకు లేదు. అందరూ పడుకున్నాక వంటింటి నుంచి తమ్ముడి ఉయ్యాల దాకా నేనే పిండి చల్లాను.

రాత్రి గీరుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. సిమెంటును ఇంటి లోపలి నుంచే గీరుతున్నాయి. చాలాసేపు గీరి, ఒక్కసారిగా ఆపేశాయి. ఆ తరవాత ఇంట్లో ఏ చప్పుడూ లేదు.

టార్చి వేశాను. పిండి నిండా చిన్న చిన్న అడుగులు. అన్నీ ఉయ్యాల వైపే వచ్చాయి. వెనక్కి వెళ్ళినది ఒక్కటీ లేదు.

టార్చి ఉయ్యాలలోకి తిప్పాను. తమ్ముడు కదలకుండా పడుకుని ఉన్నాడు.

ఉయ్యాల మాత్రం ఊగుతోంది.